తెల్లవారకముందే వెళ్ళు, ఒక్కదానివే వెళ్ళకు

అమ్మలూ,

నగరంలోని చెరువులూ కాలువలూ పరీక్షించే ఉద్యోగంలో చేరుతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్లో చెప్పాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఎంత సంతోషమో అంత భయం. నా తర్వాత మన ఇంట్లో ఈ పనిలోకి ఇంకొకరు వస్తారని అనుకోలేదు. వచ్చింది నువ్వు, అదీ ఈత రాని నువ్వు. చేరేలోపు ఈత నేర్చుకో. ఈ ఒక్క విషయంలో నీ మాట వినను.

చదువులో చెప్పినవి నీకు తెలుసు, గబగబా అనేస్తాను. నీళ్ళు కొలిచే మీటరును రోజూ బయలుదేరే ముందు క్యాలిబ్రేట్ చెయ్యి, అంటే అంకె సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూసి దిద్దుకో. కాలువలో ప్రవాహానికి ఎదురుగా నిలబడి నీళ్ళు పట్టు, లేకపోతే నీ కాళ్ళు రేపిన బురదే సీసాలోకి వస్తుంది. సీసాను ఆ నీళ్ళతోనే మూడుసార్లు కడుగు. బ్యాక్టీరియా పరీక్ష సీసాను మాత్రం కడగకు, దాన్ని ఐసులో పెట్టి కొన్ని గంటల్లోనే ల్యాబుకు చేర్చు. ఫాస్ఫరస్ సీసాలకు సబ్బు తగలనివ్వకు. పీహెచ్ అక్కడికక్కడే చూడు.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. కూర్చుని చదువు.

ఒక చెరువును నాలుగేళ్ళు నేనే చూశాను. ఆఫీసు బండి పదింటికి బయలుదేరేది, గట్టు మీదికి చేరేసరికి పదకొండు దాటేది. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అంటే చేపలు పీల్చుకునేది, ఎప్పుడు చూసినా లీటరుకు 9, 10 మిల్లీగ్రాములు. ఒక వేసవిలో 11 కూడా వచ్చింది. చెరువు ఆరోగ్యంగా ఉందని రిపోర్టు రాశాను. ఆ రోజు నీళ్ళు 28 డిగ్రీలున్నాయి. అంత వేడి నీళ్ళు గాలి నుంచి పట్టి ఉంచుకోగలిగేది 8 కూడా కాదు. మరి మిగతా మూడు ఎక్కడివని నేను అడగాలి. అడగలేదు. ఆకుపచ్చగా కనిపిస్తున్న నీళ్ళను చూస్తూ కూడా అడగలేదు.

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడొకడు ఉండేవాడు. ఒకరోజు ఎవరూ చెప్పకుండానే తెల్లవారుజామున ఐదున్నరకు వెళ్ళి కొలిచి వచ్చాడు. 1.8. రిజిస్టరులో రాసి నాకు చూపించాడు. నీళ్ళలో ముంచే ప్రోబ్ మీది పల్చటి పొర, మెంబ్రేన్, పాడై ఉంటుందన్నాను. రెండుసార్లు సరిచూసుకున్నాను మేడమ్ అన్నాడు. నేను వినలేదు. ఎర్ర పెన్నుతో ఆ అంకె మీద గీత కొట్టి, పక్కన ‘పరికర దోషం’ అని రాశాను. అందరి ముందూ.

మూడు వారాల తర్వాత రెండు రోజులు వరుసగా మబ్బు పట్టింది. మూడో రోజు ఇంకా చీకటి ఉండగానే ఫోన్ వచ్చింది. నేను వెళ్ళేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. తూము దగ్గర అప్పటికే తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. మీటరు మీద నాకు నమ్మకం లేక, రసాయనాలతో ఆక్సిజన్ చూసే వింక్లర్ పరీక్ష చేశాను. 1888 నాటి పద్ధతి, ఇప్పటికీ అంతకంటే నమ్మకమైనది నాకు తెలియదు. సీసాలో మాంగనీస్ ద్రావణం, క్షారం కలిపిన అయొడైడ్ వేసి మూత బిగించి తిప్పితే, ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. నా చేతిలోని సీసాలో మడ్డి పాలవిరుగుడులా తెల్లగా దిగింది. ఆక్సిజన్ లేదన్నమాట.

నీళ్ళను ఆకుపచ్చగా చేసే సన్నటి నాచు, ఆల్గే, పగలు ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రంతా ఆ ఆల్గే, అడుగున కుళ్ళును తినే బ్యాక్టీరియా, చేపలు అందరూ కలిసి దాన్నే పీల్చుకుంటారు. సూర్యుడు వచ్చే ముందు ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. మబ్బు రోజుల్లో పగటి సంపాదన తక్కువ, రాత్రి ఖర్చు మాత్రం అంతే. నా 11 ఆరోగ్యం కాదమ్మా, మురుగు తిని పెరిగిన ఆల్గే లెక్క. పరీక్షలో నువ్వే రాసి ఉంటావు ఇదంతా. నేనూ రాశాను, మంచి మార్కులు కూడా వచ్చాయి.

ఆ సాయంత్రం రిజిస్టరు తెరిచి, గీత పక్కన ‘ఈ అంకె సరైనదే’ అని రాసి సంతకం పెట్టాను. కుర్రాడికి క్షమాపణ చెప్పాను. అతను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అందుకే చెప్తున్నా, నచ్చని అంకె వస్తే దాన్ని అలాగే ఉంచి, మళ్ళీ వెళ్ళి కొలువు. నెలకొకసారైనా తెల్లవారకముందు వెళ్ళు. కుదిరితే రాత్రంతా రికార్డు చేసే లాగర్ నీళ్ళలో వదిలిపెట్టు. కాలువలో రాళ్ళు తిరగేసి పురుగుల్ని చూడు. అవి నెలల తరబడి ఆ నీళ్ళలోనే బతుకుతాయి, నువ్వు లేని రాత్రుల సంగతి వాటికి తెలుసు. మేఫ్లై అనే ఈగ పిల్లలు కనిపిస్తే మంచిదే. ఎర్రటి సన్న పురుగులు తప్ప ఇంకేమీ లేకపోతే అక్కడ ఊపిరి కరువని తెలుసుకో. వాటి ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది, తక్కువ ఆక్సిజన్‌తో నెట్టుకొస్తాయి. గట్టు మీద నడిచేవాళ్ళు ఏదైనా చెప్తే విను, మన పరీక్షలకు దొరకనివీ ఉంటాయి. అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లో వాన పడినప్పుడల్లా కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే చచ్చిపోయేవి. మామూలు పరీక్షల్లో కారణం దొరకలేదు. టైర్లు అరిగి రోడ్ల మీంచి కొట్టుకొచ్చే ఒక రసాయనం అని 2020లో గానీ తేలలేదు. చేపలు మాత్రం ఏళ్ళ తరబడి చెప్తూనే ఉన్నాయి.

తెల్లవారుజామున వెళ్ళమన్నది నేనే, ఇప్పుడు బెంగ పడుతున్నదీ నేనే. ఒక్కదానివే వెళ్ళకు. ఎవరూ రాకపోతే ఆ రోజు రీడింగు వదిలెయ్యి. ఒకసారి నేను కాంక్రీటు కాలువలో మోకాలి లోతున నిలబడి సీసా నింపుతున్నాను. నెత్తి మీద ఆకాశం నీలంగా ఉంది. వాన పడింది ఎక్కడో పైన. ముందు నీళ్ళ రంగు మారింది, తర్వాత ఎండుటాకులూ కవర్లూ వచ్చాయి. సీసా మూత పెట్టేలోపు నడుము దాకా వచ్చేసింది. తోటి ఆవిడ నా సంచి పట్టీ పట్టుకుని లాగకపోతే ఈ ఉత్తరం లేదు. రంగు మారిందంటే సీసా వదిలేసి గట్టెక్కు. సీసాలు బోలెడు దొరుకుతాయి.

చేతి మీద చిన్న గాయం ఉన్నా గ్లౌజులు లేకుండా నీళ్ళు ముట్టుకోకు. ఆ తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా మురుగునీళ్ళలో పని చేస్తానని డాక్టరుకు నువ్వే చెప్పు. మురుగునీళ్ళ నుంచి అంటుకునే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు మామూలు జ్వరంలాగే మొదలవుతుంది.

మీ నాన్నతో నా సెక్కీ డిస్కు పంపిస్తున్నాను. నలుపూ తెలుపూ పలక, తాడు కట్టి దించి, ఏ లోతులో కనుమరుగైందో చూసి, నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో చెప్తాం. 1865లో వచ్చిన పనిముట్టు, బ్యాటరీ అక్కర్లేదు. తెలుపు కాస్త మాసింది, రంగు వేయించుకో. తాడుకు ముడులు నేను వేసినవే. ఇన్నేళ్ళలో సాగి ఉంటుంది, వాడే ముందు టేపు పెట్టి మళ్ళీ కొలుచుకో.

నీ అత్త