సందు మీదికి ఎదురింటి శ్లాబు వచ్చేసింది, ఫిర్యాదు చేస్తే మా ఇంటికీ ముప్పా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నలభై ఏళ్ల కిందట నాన్న పార్వతీపురం నుంచి కూలికి వచ్చి ప్రభుత్వ స్థలంలో రెండు గదులు వేసుకున్నారు. ఇప్పుడు ఆ స్థలానికి నా పేరు, మా ఆయన పేరు కలిపి మున్సిపాలిటీ పట్టా ఇచ్చింది. మా ముందు మూడడుగుల సందు. లోపలి పద్దెనిమిది ఇళ్లకూ అదే దారి. ఎదురింటివాళ్లు మేడ వేస్తూ శ్లాబును సందు మీదికి లాగారు, కింద మెట్లు కట్టారు. మా కిటికీకి వెలుతురు పోయింది. మొన్న అత్తయ్యకు గుండెనొప్పి వస్తే స్ట్రెచర్ మలుపు తిరగక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోశాం. ఫిర్యాదు చేస్తే మా ఇల్లూ పడగొడతారేమోనని టెన్షన్. పైగా వాళ్లు మా ఇంటిని స్టాంపు పేపరు మీద రాసిచ్చేయమంటున్నారు.

జవాబు: అమ్మా, కిటికీ గురించే మీరు ఎక్కువ రాశారు. నా మనసు మాత్రం ఆ కుర్చీ దగ్గరే ఆగిపోయింది. మీ కేసు బలం కూడా అక్కడే ఉంది.

వెలుతురు, గాలి మీద హక్కు రావాలంటే 20 ఏళ్లు అడ్డు లేకుండా అనుభవించి ఉండాలి. ప్రభుత్వ భూమి మీదైతే 30 ఏళ్లు. పాక తీసి గోడలు కట్టింది ఎప్పుడు, కిటికీ పెట్టింది ఎప్పుడు అన్నవన్నీ సాక్ష్యంతో చూపాలి. ఆ దావా ఏళ్ల తరబడి సాగుతుంది. అందుకే ముందు అది పట్టుకోవద్దంటాను.

సందు సంగతి వేరు. పద్దెనిమిది ఇళ్లు నడిచే దారి ఏ ఒక్కరిదీ కాదు. అలాంటి దారికి అడ్డం కడితే తీయించమని సబ్ కలెక్టర్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ ఆ అధికారం ఇస్తోంది (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే 133). మున్సిపాలిటీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌కు కూడా ఒక ప్రతి ఇవ్వండి. అర్జీ ఒడియాలో రాయించండి. మీరొక్కరే కాకుండా లోపలి ఇళ్లవాళ్లందరూ సంతకాలు పెట్టాలి. మెట్ల దగ్గర టేపు పట్టి, మిగిలిన వెడల్పు అంకె కనబడేలా ఫొటో తీయండి. అత్తయ్యను కుర్చీలో మోసిన తేదీ, ఆసుపత్రి చీటీ జత చేయండి.

ఇక మీ భయం. అది అర్థం లేని భయమని నేను అనను. అర్జీ ఇచ్చే ముందు మీ ఇంటిని పట్టాలోని కొలతతో సరిచూసుకోండి. అరుగో, మరుగుదొడ్డి గోడో మీది కూడా సందులోకి వచ్చి ఉంటే ముందు దాన్ని తీసేయండి. కొలత సరిపోతే ధైర్యంగా ఉండండి. నోటీసు ఇచ్చి కనీసం 15 రోజులు గడువు ఇవ్వకుండా ఇళ్లు కూల్చకూడదని సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న చెప్పింది. రోడ్డు, వీధి లాంటి చోట అక్రమంగా కట్టినవాటికి మాత్రం ఆ రక్షణ లేదంది. అంటే ఇబ్బంది మీ గదులకు కాదు, ఆ మెట్లకు.

స్టాంపు పేపరు మీద మాత్రం సంతకం పెట్టకండి. మీ పట్టా 2017 నాటి ఒడిశా మురికివాడల భూమి హక్కుల చట్టం కింద వచ్చినదైతే, అది మీ పిల్లలకు వస్తుంది, ఇంటి లోను కోసం బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు, అమ్మడం మాత్రం కుదరదు. అమ్మినట్టు రాసిన కాగితం చెల్లదు. అయినా డబ్బు తీసుకుని ఇల్లు ఖాళీ చేశాక మళ్లీ లోపలికి రావడం ఎంత కష్టమో ఇలాంటి బస్తీల కేసుల్లో చాలాసార్లు చూశాను. మీవారి మీద ఒత్తిడి తెస్తున్నారేమో కూడా కనుక్కోండి, పట్టా ఇద్దరి పేరునా ఉంది కదా.

లాయరు ఖర్చు గురించి బెంగ వద్దు. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు పట్టా జిరాక్సు, ఆ ఫొటోలు పట్టుకుని వెళ్లండి. మెట్ల పైన ఇంకో శ్లాబు పడకముందే వెళ్లండి.