సముద్రం దగ్గర స్థిరపడాలంటే ముందు నేల పుట్టుక తెలుసుకోండి

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగిగా పదవీ విరమణ చేశాను. వయసు 62. హైదరాబాద్‌లోని ఇల్లు అమ్మేసి, నేనూ నా భార్యా కోస్తాలో ఏదైనా చిన్న ఊళ్లో స్థిరపడాలని అనుకుంటున్నాం. మూడు చోట్లు చూశాం. బాపట్ల పట్టణంలో ఒక పాత డాబా ఇల్లు, నర్సాపురంలో గోదావరి గట్టుకు దగ్గరగా ఖాళీ స్థలం, ఉప్పాడ దాటాక ఒక పల్లెలో సముద్రం కనిపించే పది సెంట్లు. మూడోది సగం ధరకే వస్తోంది. అమ్మే ఆయన దగ్గర డి-పట్టా ఉంది. ప్రస్తుతానికి నోటరీ అగ్రిమెంటు, జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికార పత్రం) రాసిస్తాననీ, రిజిస్ట్రేషన్ తరువాత చూసుకుందామనీ అంటున్నారు. అయిదు లక్షలు బయానా అడుగుతున్నారు. అమెరికాలో ఉన్న మా అమ్మాయి పేర కొంటే ఎలా ఉంటుందన్న ఆలోచన కూడా ఉంది. ఈ మూడింటిలో ఏది ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ అయిదు లక్షలు ఇవ్వకండి. మిగతా విషయాలన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు గాని, ఈ మాట మాత్రం ఈరోజే చెప్పాలి. సగం ధర అనేది మీకు దొరికిన అదృష్టం కాదు. ఆ నేలను అమ్మే హక్కు ఆయనకు ఉందో లేదో తెలియదు కాబట్టే ఆ ధర.

డి-పట్టా అంటే భూమి లేని పేదలకు ప్రభుత్వం సాగు కోసమో, ఇంటి కోసమో ఇచ్చిన అసైన్డ్ భూమి పట్టా. ఆయన దగ్గరున్న కాగితాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని ముందు వైపు, వెనుక వైపు నిదానంగా చదవండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు ఉన్న చోటుకు దిగువన చిన్న అక్షరాల్లో షరతులు ఉంటాయి. ఈ భూమిని వంశపారంపర్యంగా అనుభవించవచ్చు గాని అన్యాక్రాంతం చేయకూడదన్న షరతు అక్కడే కనిపిస్తుంది. నా దగ్గరకు ఇలాంటి పట్టాలతో వచ్చేవారిలో చాలామంది పైన ఉన్న గుండ్రటి ముద్ర చూసి ధైర్యం తెచ్చుకుంటారు. కింద ఉన్న ఆ ఒక్క వాక్యం చదవరు. ముద్ర ఎంత అసలైనదో ఆ షరతూ అంతే అసలైనది.

1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం ఇలాంటి అమ్మకం చెల్లదు. కొన్నవారికి హక్కు సంక్రమించదు. తహసీల్దారు మిమ్మల్ని ఖాళీ చేయించి భూమిని వెనక్కు తీసుకోవచ్చు. మీరు అప్పటికే ఇల్లు కట్టుకుని ఉంటే దాని గతి వేరే చెప్పనక్కరలేదు. తెలియక కొన్నామన్న వాదన మీకు అక్కరకు రాదు. ఆ రక్షణ చట్టం రాకముందు కొన్న భూమిలేని పేదల కోసం పెట్టినది. పైగా నిషేధాన్ని మీరి కొన్నవారికి చట్టం శిక్ష కూడా పెట్టింది.

ఆయన మీకు 2023 సవరణ గురించి చెప్పవచ్చు. పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటితే మూల పట్టాదారుకు గాని, ఆయన వారసులకు గాని అమ్ముకునే హక్కు వస్తుందని ఆ సవరణ చెప్పిన మాట నిజమే. అయితే అక్రమాల ఆరోపణలు రావడంతో 2024లో అలాంటి భూముల రిజిస్ట్రేషన్లను ప్రభుత్వం నిలిపివేసింది. కాబట్టి ఆ మాట ఎత్తితే మీరు అడగవలసినది ఒక్కటే: ఈ సర్వే నంబరును, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితా నుంచి తొలగించిన ఉత్తర్వు ఏది? రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ కింద ఉన్న ఆ జాబితాను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు. ఆంధ్ర ప్రాంతంలో 1954కు ముందు ఇచ్చిన కొన్ని పట్టాల్లో అమ్మకూడదన్న షరతు ఉండదు. వాటి సంగతి వేరు. కాని ఆ తేదీని రుజువు చేయవలసిన బాధ్యత అమ్మేవారిదే.

ఇక జీపీఏ. జీపీఏతోనో, అగ్రిమెంటుతోనో స్థిరాస్తి మీద యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. నోటరీ ముద్ర సంతకం ఎవరిదో ధ్రువీకరిస్తుందే తప్ప లేని హక్కును పుట్టించదు. రిజిస్ట్రేషన్ తరువాత చూసుకుందాం అన్న మాటకు అర్థం ఇప్పుడు కాదనే.

పట్టా సమస్య లేదనుకున్నా, ఆ పది సెంట్లకు రెండో చిక్కు ఉంది. అది సముద్రం కనిపించడమే. తీర ప్రాంత నియంత్రణ మండల (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నిబంధనలు మొదట 1991లో, తరువాత 2011లో, మళ్లీ 2019లో వచ్చాయి. హై టైడ్ లైన్ అని అధికారులు వ్యవహరించే గీత, అంటే సముద్రపు పోటు పెద్దగా వచ్చినప్పుడు నీరు తాకే హద్దు, అక్కడి నుంచి నేల వైపు 500 మీటర్ల వరకు ఈ నిబంధనలు వర్తిస్తాయి. 2011 ప్రకటన ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లో మొదటి 200 మీటర్లలో కొత్త ఇల్లు కట్టడానికి వీల్లేదు. 200 నుంచి 500 మీటర్ల మధ్య ఇళ్లకు అవకాశం ఉంది గాని, అది సంప్రదాయ హక్కులున్నవారికి, అంటే ఆ పల్లెలో ముందునుంచీ ఉంటున్న మత్స్యకారుల వంటివారికి ఉద్దేశించినది. ఎత్తు తొమ్మిది మీటర్లు, రెండు అంతస్తులు మించకూడదు. హైదరాబాద్ నుంచి వచ్చి కొత్తగా స్థలం కొన్న మీరు ఆ కోవలోకి రావడం కష్టం.

2019 ప్రకటన కొంత సడలింపు ఇచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మంది కంటే ఎక్కువ జనం ఉన్న గ్రామీణ ప్రాంతాల్లో నిషేధం 50 మీటర్లకు తగ్గుతుంది. అంతకు తక్కువ జనం ఉన్నచోట 200 మీటర్ల నిషేధం అలాగే ఉంటుంది. పైగా కొత్త తీర ప్రణాళిక పటాలకు ఆమోదం వచ్చాకే ఈ సడలింపు అమల్లోకి వస్తుంది. అందుకని అమ్మేవారి మాట మీద ఆధారపడకుండా, రాష్ట్ర తీర మండల నిర్వహణ సంస్థకు మీ సర్వే నంబరు రాసి, అది ఈ నిబంధనల కింద ఏ జోన్‌లోకి వస్తుందో రాతపూర్వకంగా తెప్పించుకోండి. పంచాయతీ ప్లాను ఇచ్చిందన్న ధీమా పనికిరాదు. కేరళలోని మరడులో పెద్ద అపార్టుమెంట్లకు స్థానిక పంచాయతీయే అనుమతి ఇచ్చింది. అవి తీర నిబంధనలను అతిక్రమించాయని 2019 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2020 జనవరిలో నాలుగు సముదాయాలను పేలుడు పదార్థాలతో కూల్చేశారు. అందులో కాపురం ఉన్నవారు మీలాగే నమ్మి డబ్బు పెట్టినవారు.

ఉప్పాడ విషయంలో ఇంకో సంగతి. అక్కడ తీరం కోతకు గురవుతోంది. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు తుపానుల్లో ఎన్నోసార్లు దెబ్బతింది. అలలు రాళ్ల కట్ట మీదుగా ఎగిరి వచ్చి ఆ రోడ్డు మీద పడుతుండగా నేను చూశాను. ఒడ్డున ఒక ఇంట్లో మిగిలింది మూడు గోడలే. సముద్రం వైపున ఉండవలసిన నాలుగోది లేదు. లోపలి గోడకు సున్నం ఇంకా తెల్లగా ఉంది, గూట్లో దీపం మసి అలాగే ఉంది. ఆ ఇంటివారు తరతరాలుగా అక్కడివారు, వారికి మరో చోటు లేదు. మీకు ఉంది. సముద్రం నేలను కోసుకుంటూ ముందుకు వచ్చే కొద్దీ నిబంధనల గీత కూడా దానితో పాటే లోపలికి జరుగుతుందని గుర్తుంచుకోండి.

నర్సాపురం స్థలం విషయంలో మీరు ఊహించని చిక్కు ఒకటి ఉంది. ఊరు సముద్రపు ఒడ్డున లేదు కదా, తీర నిబంధనలతో పనేమిటని చాలామంది అనుకుంటారు. కాని పోటూపాటూ ప్రభావం ఉన్న నదులకు, కాలువలకు కూడా అవి వర్తిస్తాయి. 2011 ప్రకటన ప్రకారం అలాంటి నీటి ఒడ్డు నుంచి 100 మీటర్లు లేదా ఆ నీటి వెడల్పు, వీటిలో ఏది తక్కువైతే అంతవరకు. 2019లో ఆ 100 మీటర్లను 50కి తగ్గించారు. వశిష్ఠ గోదావరి నర్సాపురం దగ్గర నుంచి సముద్రం దిశగా సాగుతుంది కాబట్టి గట్టుకు దగ్గరగా ఉన్న స్థలాన్ని తప్పనిసరిగా పటంలో చూపించి అడగాలి. నదికీ గట్టుకీ మధ్యనున్నది లంక భూమి అయితే ప్రభుత్వానిదై ఉండే అవకాశం ఎక్కువ. ఏటి పోరంబోకు, అంటే నదికి చెందిన ప్రభుత్వ నేల, అని రాసి ఉన్న చోటు జోలికి అసలు వెళ్లకండి. చుట్టుపక్కల రొయ్యల చెరువులు ఉన్నాయో లేవో కూడా కళ్లతో చూడండి. ఉప్పునీటి చెరువుల పక్కన బావి నీళ్లు ఉప్పబడితే తరువాత కోర్టుకు వెళ్లవచ్చు గాని, ఈ వయసులో మీకు కావలసింది మంచినీళ్లు, కేసు కాదు. బోరు నీళ్లు ఒక గ్లాసు తాగి చూడండి.

రికార్డుల్లో వెతకవలసినవి చాలా ఉన్నాయి గాని, నేను ముందు చూసేది అడంగల్ (ఎవరి సాగులో ఏ నేల ఉందో రాసే గ్రామ లెక్క) కాదు. అది తరువాతిది. ముందు చూసేది మూల రికార్డు: రైత్వారీ గ్రామమైతే, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టిన ఊరైతే, రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, పూర్వం జమీందారీ గ్రామమైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. పిఠాపురం సంస్థానం వంటి జమీందారీల కింద ఉన్న ఊళ్లకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతే ప్రభుత్వ రికార్డు తయారైంది. ఆ మూల రికార్డులో నేలను పోరంబోకు అనో, అనాధీనం (ఎవరికీ పట్టా ఇవ్వని ప్రభుత్వ నేల) అనో, ఇసుక దిబ్బ అనో రాసి ఉంటే, ఆ తరువాత పాతిక రిజిస్ట్రేషన్లు జరిగినా మొదటి తప్పు తప్పుగానే మిగులుతుంది. నౌపడా, చినగంజాం వంటి ఉప్పు మడుల ప్రాంతాల్లో ఉప్పు శాఖ భూములు ఉంటాయి, అవి కేంద్ర ప్రభుత్వానివి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది. రెండూ ఒకే నేలవేనా అన్నది సర్వేయరుతో కొలిపించి సరిచూసుకోండి. యానాం వైపు మనసు మళ్లితే ఇంకొకటి: అది పుదుచ్చేరి పరిధి. ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల వెబ్‌సైటులో అక్కడి భూములు కనిపించవు.

మూడింటిలో నేనైతే బాపట్ల ఇంటి వైపు మొగ్గుతాను. సూర్యలంక సముద్రం అక్కడికి సుమారు తొమ్మిది కిలోమీటర్లు. తీర నిబంధనల భయం లేదు, ఆసుపత్రి, రైలు దగ్గర. సాయంత్రం సముద్రం చూసి రాత్రికి ఇంటికి రావచ్చు. అయినా ఈ ఇంటికీ ఒక పరీక్ష ఉంది. పాత డాబా అంటే తాతల నాటి ఆస్తి కావచ్చు. అమ్మేవారు అన్నదమ్ములే అయితే, వారి అక్కచెల్లెళ్లు ఎక్కడున్నారని తప్పక అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు, అప్పటికి పెళ్లి కానివారికి, కొడుకులతో సమానంగా హక్కు ఉంది. 2005లో కేంద్ర చట్టం ఆ హక్కును పెళ్లయినవారికీ విస్తరించింది. తండ్రి అప్పటికి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆడపడుచులు పుట్టింటి ఆస్తి గురించి అడగరనే ధీమాతో వారి సంతకాలు లేకుండా రాసిన దస్తావేజులు నా బల్ల మీదకు ఎన్నో వచ్చాయి. వారి హక్కు న్యాయమైనది. దాన్ని తొక్కి కొన్న ఇంట్లో మీకు నిద్ర పట్టదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, లింకు దస్తావేజులు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు), 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తెప్పించుకుని, అక్కచెల్లెళ్లందరినీ రిజిస్ట్రేషన్‌లో సంతకానికి రప్పించండి.

మీ అమ్మాయి పేర కొనడం గురించి. విదేశాల్లో ఉంటున్న భారతీయులు మన దేశంలో ఇల్లు, ఇంటి స్థలం కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. విదేశీ మారక ద్రవ్య చట్టం కింద ఆ అతిక్రమణకు లావాదేవీ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు. పల్లెల్లో ఇళ్ల స్థలాలని అమ్మే చాలా నేలలు రికార్డులో ఇంకా పొలంగానే ఉంటాయి. అందుకని మీ ఇద్దరి పేర కొని అమ్మాయికి వీలునామా రాయండి. వారసత్వంగా వచ్చే ఆస్తి విషయంలో ఆమెకు ఈ అడ్డంకి లేదు.

ఇందులో పన్ను లెక్క కూడా ఉంది. హైదరాబాద్ ఇల్లు అమ్మిన లాభం మీద పన్ను తప్పాలంటే, రెండేళ్లలోగా మరో ఇల్లు కొనాలి, లేదా మూడేళ్లలోగా కట్టాలి. ఖాళీ స్థలం కొని వదిలేస్తే మినహాయింపు రాదు. తీర అనుమతుల కోసం ఎదురుచూస్తూ ఆ మూడేళ్లూ గడిచిపోతే స్థలమూ, పన్ను మినహాయింపూ రెండూ పోతాయి. రిటర్న్ గడువులోగా ఖర్చు కాని సొమ్మును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేయాలి. కూతురి పేర కొంటే మినహాయింపు గురించి పన్ను శాఖ పేచీ పెట్టవచ్చు. మీ పేర కొనమనడానికి ఇది రెండో కారణం.

చివరగా, హైదరాబాద్ ఇల్లు అమ్మడానికి ముందే బాపట్లలో పదకొండు నెలలకు ఒక ఇల్లు అద్దెకు తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో అద్దె ఒప్పందాన్ని, గడువు ఏడాదిలోపే అయినా, రిజిస్టరు చేయించాలని గుర్తుంచుకోండి. ఆ గడువులోకి అక్టోబరు, నవంబరు, డిసెంబరు తప్పకుండా వచ్చేలా చూడండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. మీరు కొనదలచిన ఆ డాబా వానకు ఎక్కడ కారుతోందో, వీధిలో నీళ్లు ఎన్ని రోజులు నిలుస్తున్నాయో అప్పుడు గొడుగు పట్టుకుని వెళ్లి చూసి రండి. కొన్న తరువాత భారత్ గృహ రక్ష పాలసీ తీసుకోండి, తుపాను, వరద నష్టాలు దాని కిందకు వస్తాయి. కట్టడం విలువకే బీమా చేయించండి, నేల విలువ అందులో కలపకండి.