ఆదరణ కూడికకు వెళ్లే అల్లుడికి

హనుమకొండ

అల్లుడికి మామ దీవెనలు.

మొన్న పరకాల దగ్గర, బిడ్డను పోగొట్టుకున్న ఇంటివాళ్లను ఓదార్చడానికి జరిగిన ఆదరణ కూడికలో నేను వెనక వరసలో కూర్చున్నాను. తొమ్మిదేళ్ల బాబు, డెంగీతో పోయాడు. "ఆ పువ్వు దేవునికి నచ్చింది, కోసుకున్నాడు" అని పాస్టర్‌వైన నువ్వు అన్నప్పుడు ఆ తల్లి తలెత్తి నిన్ను చూసింది. ఆ చూపు నాకు తెలుసు.

మా పెద్దపాప పోయిన వారానికి ఒక సంఘ పెద్ద మా ఇంటికొచ్చి, "ఒప్పుకోని పాపం ఏదో ఉంది, వెతుక్కోండి" అన్నాడు. రెండేళ్లు వెతుక్కున్నాం బిడ్డా. మీ అత్త చిన్నప్పుడు పక్కింట్లో జామకాయలు తెంపింది కూడా లెక్కలోకి తెచ్చుకుని ఏడ్చేది.

బైబిల్లో బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాక అన్నీ కారణాలే చెప్పారు. చివరికి దేవుడు తప్పుపట్టింది వాళ్లనే, తనతో వాదించిన యోబును కాదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదు అన్నాడు యేసు. సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది మిగతావాళ్లకంటే పాపులు కారనీ చెప్పాడు.

దేవునికి తెలియకుండా జరిగిందా అని నువ్వు అడుగుతావు. లేదు. కానీ జరగనివ్వడం వేరు, కోరుకోవడం వేరు. డ్రమ్ములో నిలిచిన నీళ్లలో పెరిగిన దోమ చేసిన పనికి దేవుని పేరు పెట్టకు. చెడు అనేది దేవుడు చేసిన వస్తువు కాదు, మంచి లోపించడమే అన్నాడు పాతకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీన్. నాకు ఆ మాట నచ్చుతుంది, అయినా సమాధి దగ్గర చెప్పేది కాదు. "మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అని పౌలు రాసిన రోమా పత్రిక 8వ అధ్యాయంలోని వచనం కూడా మొదటి వారంలో తీయకు. జరిగిందంతా మంచిదేనని పౌలు అనలేదు. సృష్టంతా మూలుగుతోందని అదే అధ్యాయంలో రాశాడు.

వెళ్లినప్పుడు కింద కూర్చో. మిగిలిన పిల్లలు తిన్నారో లేదో చూడు. "దేవుడు ఎందుకిలా చేశాడు" అని అడిగితే నాకు తెలియదని చెప్పు, పాస్టర్‌కు అదేం చిన్నతనం కాదు. ప్రార్థన చేయమంటే 13వ కీర్తన చదువు: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" 88వ కీర్తనైతే చీకటిలోనే ముగుస్తుంది. అలాంటి ఏడుపునూ దేవుడు తన గ్రంథంలో ఉంచుకున్నాడు కదా, మనం ఎందుకు ఆపాలి? చనిపోయిన తన స్నేహితుడు లాజరును కాసేపట్లో లేపబోతూ కూడా యేసు ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. సిలువ మీద "నన్నేల విడనాడితివి" అని అరిచాడు. మా పాప పోయాక నేను విశ్వాసంలో నిలబడ్డది ఆ అరుపు వల్లే.

చుట్టాలంతా వెళ్లిపోయి, తండ్రి మళ్లీ పత్తి చేనుకు పోవడం మొదలుపెట్టాక ఇల్లు మరీ ఖాళీ అవుతుంది. అప్పుడు తరచూ వెళ్లు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక నేను బస్సెక్కి వస్తాను, ఇద్దరం వాళ్లింటికి వెళ్దాం. ఆ పువ్వు మాట అన్నందుకు ఆ తల్లిని క్షమించమని అడుగు. వాక్యం ఏదీ తయారు చేసుకోకు.

మీ మామ