జేసీ వైరస్ పాజిటివ్ వస్తే మెదడుకు ఇన్‌ఫెక్షన్ సోకినట్లేనా?

ప్రశ్న: మా చెల్లెలికి 34 ఏళ్లు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు మొదట ఏడాదిపాటు అజాథయోప్రిన్ మాత్రలు వాడారు. రెండున్నరేళ్లుగా నెలకోసారి నటాలిజుమాబ్ ఎక్కిస్తున్నారు. ఇటీవల రక్తపరీక్షలో జేసీ వైరస్ యాంటీబాడీలు ఉన్నాయని తేలింది. మెదడుకు ఇన్‌ఫెక్షన్ వచ్చినట్లేనా? మందు ఆపేయాలా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఆ ఫలితానికి అర్థం అది కాదు. పెద్దవాళ్లలో సగం మందికి పైగా ఈ వైరస్ ఎప్పుడో సోకి, ఏ ఇబ్బందీ పెట్టకుండా మూత్రపిండాల వంటి చోట్ల ఉండిపోతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటే ఒంట్లోని రక్షణ కణాలే మెదడు, వెన్నుపాములలోని నాడీతంతువుల పైపొరపై దాడి చేసే జబ్బు. నటాలిజుమాబ్ ఆ రక్షణ కణాలను మెదడులోకి వెళ్లనీయదు. జబ్బు అదుపులో ఉండేది అందువల్లే; చాలా అరుదుగా ఈ వైరస్ మెదడులో విజృంభించి నాడీతంతువుల పైపొరను తయారుచేసే కణాలను చంపేసేదీ అందువల్లే. ఆ వ్యాధినే పీఎంఎల్ అంటారు. 2004 నవంబరులో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందును, ఇలాంటి కేసులు బయటపడడంతో 2005 ఫిబ్రవరిలో నిలిపివేసి, 2006లో గట్టి పర్యవేక్షణ షరతులతో మళ్లీ అనుమతించారు.

అలాగని తేలిగ్గా తీసుకోవడానికీ వీల్లేదు. యాంటీబాడీలు ఉండడం, చికిత్స రెండేళ్లు దాటడం, అంతకుముందు రోగనిరోధక శక్తిని తగ్గించే మందు (ఇక్కడ అజాథయోప్రిన్) వాడి ఉండడం అనే మూడు ముప్పులూ మీ చెల్లెలికి ఉన్నాయి. 2012లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం ఈ మూడూ ఉన్నవారిలో వెయ్యికి సుమారు 11 మందికి పీఎంఎల్ రాగా, యాంటీబాడీలు లేనివారిలో అది పదివేలకు ఒకరి స్థాయిలోనే ఉంది. అందుచేత మందు మార్చే విషయం న్యూరాలజిస్టుతో ఇప్పుడే మాట్లాడడం మంచిదని నా అభిప్రాయం. మీ అంతట మీరు మాత్రం ఆపకండి; ఆపిన కొన్ని నెలల్లోనే అసలు జబ్బు మరింత తీవ్రంగా తిరగబెట్టవచ్చు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ తిరగబెడితే లక్షణాలు సాధారణంగా గంటల్లో, రోజుల్లో బయటపడతాయి. పీఎంఎల్‌లో మాట తడబడడం, ఒకవైపు బలహీనత, చూపులో ఒక పక్క కనిపించకపోవడం, ప్రవర్తన మారడం వారాల తరబడి మెల్లగా ముదురుతాయి. సాధారణంగా జ్వరం ఉండదు కాబట్టి ఇంట్లోవాళ్లు ఇన్‌ఫెక్షన్ అనుకోరు. ఈ మార్పులు రోగికంటే ముందు మీకే తెలియవచ్చు. అటువంటప్పుడు ఎమ్మారై తీయకుండా, జబ్బు తిరగబెట్టిందనుకుని స్టెరాయిడ్లు మొదలుపెట్టడం సరికాదు. అనుమానం ఉంటే వెన్నునీటిలో వైరస్ కోసం పీసీఆర్ పరీక్ష చేస్తారు.

ఈ వైరస్‌ను నేరుగా చంపే మందు లేదు. లక్షణాలు రాకముందే ఎమ్మారైలో పట్టుబడినవారు మెరుగ్గా కోలుకుంటారు గనుక, ఇంత ముప్పు ఉన్నవారికి 3 నుంచి 6 నెలలకోసారి స్కాన్ అవసరం. మందు మానిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు ఈ జాగ్రత్త కొనసాగాలి.