ముందు నేల మీద గీతలు చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఉత్తరం అందింది. ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా నెట్టి పవర్ పెంచే టర్బో పెట్టించాక మలుపుల్లో యాక్సిలరేటర్ తొక్కితే వెనక చక్రం గిర్రున తిరగడమే గానీ కారు ముందుకు పోవట్లేదని రాశావు. చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ కిట్ పెట్టించనా, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టెలో, ఒకటి జారినా రెండోదానికి బలం పంపే రకం) వేయించనా అని అడిగావు. రెండిటికీ ఇప్పుడు చేతిలో డబ్బు లేదంటున్నావు కాబట్టి, కొనేముందు ఒక పని చెయ్యి.

మనుషులు, బళ్లు తిరగని ఖాళీ స్థలం చూసుకో. ఒకసారి తిన్నగా, ఇంకోసారి మలుపు తిప్పుతూ రెండో గేరులో గట్టిగా తొక్కు. తర్వాత దిగి, వెనక్కి నడిచి నేల చూడు. తిన్నగా పోయినప్పుడే రెండు నల్ల గీతలు పడ్డాయంటే, టైర్లు మోయలేనంత పవర్ వస్తోందన్నమాట. దాన్ని డిఫరెన్షియల్ బాగుచెయ్యలేదు. మలుపులో లోపలి వైపు ఒక్క గీతే పడితే తప్పు డిఫరెన్షియల్‌ది.

ఎందుకో చెబుతాను. మలుపులో కారు బరువు బయటి వైపుకి ఒరుగుతుంది, లోపలి చక్రం తేలికవుతుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ టార్క్, అంటే తిప్పే బలం, సమానంగానే పంచుతుంది. లోపలి చక్రం 400 న్యూటన్ మీటర్లే మోయగలదనుకో, బయటి దానికీ 400 మాత్రమే అందుతుంది. అక్కడ ఎంత గ్రిప్ ఉన్నా వృథా. హెలికల్ గేర్ల డిఫరెన్షియల్, అంటే టోర్సెన్ లాంటిది, బయాస్ రేషియో (తక్కువ పట్టున్న చక్రం కన్నా రెండోదానికి ఎన్ని రెట్ల టార్క్ పంపగలదో చెప్పే అంకె) 2.5 ఉన్నది వేస్తే బయటి చక్రానికి 1000 దాకా పోతుంది. రెండు చక్రాలకీ కలిపి 800 ఉన్న చోట 1400 అయింది, ఇంజిన్ ముట్టుకోకుండానే! కాకపోతే చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే ఇది కూడా పనిచెయ్యదు, సున్నాని ఎంతతో గుణించినా సున్నాయే కదా. రేస్ ట్రాక్ మీద అంచు గట్లు (కర్బులు) ఎక్కించే కార్లకి, ఒకదానికొకటి ఒరుసుకుని పట్టే ప్లేట్ల రకం డిఫరెన్షియల్ నప్పేది అందుకే. దాంట్లో ప్రీలోడ్, అంటే ప్లేట్లని ముందే ఒత్తి పెట్టిన బిగువు, ఉంటుంది కాబట్టి చక్రం లేచినా కొంత బలం రెండోదానికి పోతుంది. అయితే ప్లేట్లు అరుగుతాయి, ప్రత్యేకమైన ఆయిల్ కావాలి, కొన్నాళ్లకి విప్పి ప్లేట్లు మార్చాలి.

ఇక కిట్. కంపెనీ నుంచే ట్రాక్షన్ కంట్రోల్‌తో వచ్చే చాలా కార్లలో, తిరిగే చక్రానికి బ్రేక్ వేసి రెండో చక్రానికి బలం మళ్లిస్తారు. మనం తర్వాత తగిలించే కిట్లు సాధారణంగా బ్రేకుల జోలికి పోవు. ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ల నుంచి చక్రాల వేగం తెలుసుకుని, వెనకవి ముందువాటి కన్నా ఎక్కువ తిరిగితే ఇంధనమో స్పార్కో ఆపుతాయి. అంటే పవర్ తగ్గించడమే, పంచడం కాదు. ఫార్ములా వన్‌లో ట్రాక్షన్ కంట్రోల్‌ని 1994లో నిషేధించి, 2001లో మళ్లీ ఒప్పుకుని, 2008లో మళ్లీ తీసేశారు. డిఫరెన్షియల్ మాత్రం ఎన్నడూ పోలేదు.

అలాగని కిట్‌ని తీసిపారెయ్యకు. చాలా ఏళ్ల కిందట నా కారుకి ప్లేట్ల డిఫరెన్షియల్ బాగా బిగువుగా వేయించాను. పొడి రోడ్డు మీద దాని పట్టు చూసి మురిసిపోయాను. మొదటి వాన రాత్రి, చిన్న మలుపులో కాస్త తొక్కగానే రెండు వెనక చక్రాలూ ఒకేసారి జారాయి. కారు గిర్రున తిరిగి వచ్చిన దారివైపే ముఖం పెట్టి ఆగింది. పక్క సీట్లో మీ అమ్మ ఉంది. మామూలు డిఫరెన్షియల్ అయితే ఒక చక్రం తిరుగుతున్నా రెండోది వెనక భాగాన్ని పట్టి ఉంచేది. ఆ సంగతి నాకప్పుడు తెలీదు. నువ్వు తెలుసుకుని బిగించాలని రాస్తున్నాను.

రోజూ ఈ కారులోనే తిరుగుతావు, ట్రాక్‌కి ఎప్పుడో గానీ పోవు. కాబట్టి ముందు మంచి టైర్లు, ఆ తర్వాత హెలికల్ డిఫరెన్షియల్. డబ్బు సమకూరాక కిట్. తిన్నగా పోయినప్పుడే రెండు గీతలు పడితే మాత్రం టైర్ల తర్వాత కిట్టే ముందు. టర్బో ఇంజిన్ కాబట్టి కిట్ అమ్మేవాణ్ణి ఒకటి గట్టిగా అడుగు: ఇంధనం ఆపేటప్పుడు ఆ ఇంజెక్షన్‌ని పూర్తిగా ఆపుతుందా, కొంచెం తగ్గిస్తుందా? తగ్గించేదైతే వద్దు, బూస్ట్‌లో, అంటే టర్బో గాలి నెట్టేటప్పుడు, గాలి-పెట్రోల్ మిశ్రమంలో పెట్రోల్ తగ్గి పిస్టన్ కాలిపోవచ్చు. స్పార్క్ ఆపే రకమైతే కాలని పెట్రోల్ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని వేడెక్కిస్తుంది.

డిఫరెన్షియల్ ఎంత మంచిదైనా దాన్ని తిప్పే క్రౌన్ పినియన్ గేర్ల జత సెట్టింగ్ తప్పితే నెలలోపే కూత మొదలవుతుంది. డయల్ గేజ్ (సన్నని కదలికని ముల్లుతో చూపే కొలత పరికరం)తో బ్యాక్‌లాష్, అంటే పళ్ల మధ్య సందు, కొలిచి, పళ్లకి రంగు పూసి అచ్చు ఎక్కడ పడుతోందో చూసే మనిషికే పని ఇవ్వు. కంటి అంచనాతో బిగిస్తానన్నవాడి దగ్గర్నుంచి కారు వెనక్కి తెచ్చెయ్. రెండు వెనక టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి.

గీతలు ఒకటో రెండో చూసి రాయి. బిగించే రోజు ముందే చెబితే నేనూ వస్తాను, నా డయల్ గేజ్ తెస్తాను.

మామయ్య