హుకంనామా రాశిఫలం కాదండీ

ప్రశ్న: మాస్టారూ, మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్‌లో ఒక పంజాబీ ఆంటీ ఉన్నారు. రోజూ పొద్దున్నే అమృత్‌సర్ స్వర్ణ దేవాలయం హుకంనామా (ఆ రోజుకి సిక్కుల గ్రంథంలోంచి చదివే వాక్యం) హిందీ అర్థంతో సహా నాకు వాట్సాప్‌లో పంపిస్తారు. మొదట్లో ఊరికే చదివేదాన్ని, ఇప్పుడు అది చూడందే కాఫీ కూడా తాగబుద్ధి కావట్లేదు. మొన్న మా అబ్బాయికి ఇంటర్వ్యూ ఉన్న రోజే అందులో చావు గురించి వచ్చింది, ఈ దేహం ఉండేది కాదు అని. ఒకటే టెన్షన్. అది అపశకునమా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అబ్బాయిని ఇంటర్వ్యూకి పంపారు కదమ్మా? ముందు అది రాయాల్సింది మీరు.

ఆ వాక్యం మీ ఫోన్‌కి ఎలా వస్తుందో చెబితే సగం భయం పోతుంది. అక్కడ సిక్కుల పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబ్‌ని రాత్రి అకాల్ తఖ్త్ అనే సిక్కుల పీఠంలో విశ్రాంతికి ఉంచుతారు. తెల్లవారకముందే పల్లకిలో హర్‌మందిర్ సాహిబ్‌కి, అంటే స్వర్ణ దేవాలయానికి తీసుకొచ్చి, తెరిచి, గ్రంథీ (గ్రంథం చదివే ఆయన) ఆ రోజు వాక్, అంటే హుకంనామా చదువుతారు. ఫలానా పేజీ అని ముందే అనుకోరు, చేతికి వచ్చిన చోట తెరుస్తారు. మొత్తం 1430 పేజీలు, వాళ్లు పేజీ అనరు, అంగ్ అంటారు, అంటే అవయవం అని, ఎందుకంటే ఆ గ్రంథాన్ని పుస్తకంగా కాదు గురువుగానే చూస్తారు. ఎడమవైపు పేజీలో పైన నడుస్తున్న శబ్దం (కీర్తన) ఏదైతే ఉందో దాన్ని చదవాలి, అది వెనక పేజీలో మొదలై ఉంటే పేజీ వెనక్కి తిప్పి మొదటి నుంచీ చదవాలి. సగంలోంచి అందుకోవడం కుదరదు. నాకు బాగా నచ్చే నియమం ఇది. మనకి నచ్చిన ఒక్క ముక్క ఏరుకునే వీల్లేకుండా చేశారు.

చిలక జోస్యంలో చిలక కార్డు లాగుతుంది చూడండి, పైకి అలాగే కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడ మనం ప్రశ్న అడుగుతాం, కార్డు జవాబు చెబుతుంది. ఇక్కడ మీ ప్రశ్న ఎవరూ అడగలేదు. హుకం అంటే ఆజ్ఞ. ఈ రోజు ఇలా నడుచుకో అని గురువు చెప్పే మాటే తప్ప ఈ రోజు నీకు ఇలా జరుగుతుంది అనే కబురు కాదు. పైగా ఆ పొద్దున మీకు వచ్చిన వాక్యమే లక్షల మందికి వెళ్లింది, అందులో ఇంటర్వ్యూ ఉన్నవాళ్లు, పెళ్లి ఉన్నవాళ్లు, ఏ పనీ లేనివాళ్లు అందరూ ఉంటారు కదా. అదే రోజు మన అమీర్‌పేట గురుద్వారాలో గ్రంథం తెరిస్తే ఇంకో శబ్దం వచ్చి ఉంటుంది.

శకునాల సంగతి అడిగారు కాబట్టి ఇంకో మాట. గురుద్వారాల వ్యవహారాలు చూసే శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ 1945లో ఆమోదించిన సిక్కు రెహత్ మర్యాద అనే నియమావళి ఉంది. శకునాలు, ముహూర్తాలు, గ్రహబలాలు సిక్కులు నమ్మకూడదని అందులో నేరుగా రాసి ఉంది. వాళ్లే వద్దన్న శకునాన్ని వాళ్ల గ్రంథంలోంచే మనం లాగుతున్నాం!

ఇక చావు మాట. సిక్కులు రాత్రి పడుకునే ముందు చదువుకునే కీర్తన్ సోహిలా అనే ప్రార్థన ఒకటుంది. అందులో గురు నానక్ పాటలో మరణం పెళ్లిలా వస్తుంది. ముహూర్తం రాసేశారు, అందరూ కలిసి గడప దగ్గర నూనె పోయండి, నా స్వామిని చేరుకునేలా దీవించండి అని ఆ ఆత్మ స్నేహితురాళ్లని అడుగుతుంది. దీన్ని ఎప్పుడో ఒకసారి కాదు, రోజూ రాత్రి చదువుకుని హాయిగా నిద్రపోతారు. అంత్యక్రియల్లోనూ ఇదే చదువుతారు. మన ఇళ్లలో చావు మాటెత్తితేనే "తథాస్తు దేవతలుంటారు, నోరు ముయ్యి" అంటారు (మా అమ్మమ్మ అయితే నెత్తిన మొట్టేది), అందుకే మీకు గుండె ఝల్లుమంది. వాళ్లకి అది దీపం ఆర్పే ముందు పాడుకునే పాట.

కాఫీ సంగతి కూడా చెప్పాలి. భోజనానికి ముందు హుకం వినడం సిక్కుల ఇళ్లలో ఉన్న పద్ధతే, కానీ ప్రయాణంలోనో ఏదైనా ఇబ్బందిలోనో కుదరకపోతే మనసులో శంక పెట్టుకోవద్దని ఆ నియమావళే చెబుతుంది. వాళ్లకే లేని శిక్ష మీకెందుకమ్మా, ఒక పూట నెట్ రాకపోతే కాఫీ తాగేయండి. ఈసారి అర్థంకాని వాక్యం వస్తే లోలోపల కుమిలిపోకుండా పైకెళ్లి ఆ ఆంటీనే అడగండి, ఆవిడ సంతోషిస్తారు కూడా.

ప్రశ్న: పంజాబీ రాదు సార్. సిక్కుల ప్రార్థన జప్‌జీ సాహిబ్‌ని తెలుగు అక్షరాల్లో రాసుకుని చదివితే తప్పా?
— డిగ్రీ విద్యార్థి, విజయవాడ

జవాబు: తప్పేం లేదు బాబూ. 38 పౌడీలే (చరణాలే), అలవాటైతే అరగంట లోపే అయిపోతుంది. అయితే అర్థం పక్కన పెట్టుకుని రోజుకొక పౌడీ చాలు, మొదటిదే నీకు వారం పట్టొచ్చు. దేవుడి హుకం ప్రకారం నడవడమే దారి అని మొదటి పౌడీ చివర్లోనే ఉంటుంది, మిగతాదంతా దాని మీదే నిలబడింది. ఇంకో సంగతి, గ్రంథంలోది అంతా నేటి పంజాబీ కాదు. మహారాష్ట్ర నామ్‌దేవ్, కాశీ కబీర్, రవిదాస్, షేక్ ఫరీద్ పదాలు అందులో ఉన్నాయి, కాబట్టి పంజాబీ వాళ్లకీ కొన్నిచోట్ల అర్థం చెప్పేవాళ్లు కావాలి. ఓపికుంటే ఆ గ్రంథం రాసిన గురుముఖి లిపి నేర్చుకో. 35 అక్షరాలు, అందుకే పైంతీ (ముప్పై ఐదు) అంటారు. మొదటి ఐదూ దాటాక క ఖ గ ఘ అంటూ మన వరసలోనే నడుస్తుంది.

ప్రశ్న: పేపర్లో "అకాల్ తఖ్త్ హుకంనామా జారీ చేసింది" అని చదివాను. ఇదీ అదీ ఒకటేనా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కాదు. అది సిక్కు సమాజం మొత్తానికి ఇచ్చే ఉత్తర్వు, రోజువారీ వాక్‌తో సంబంధం లేదు. పేరొక్కటే ఒకటి.

ప్రశ్న: నమస్తే అండీ. మేము హిందువులం. నాందేడ్ హజూర్ సాహిబ్ గురుద్వారాకి వెళ్తే లోపలికి రానిస్తారా? ఏం పట్టుకెళ్లాలి?
— ఒక గృహిణి, నిజామాబాద్

జవాబు: నిరభ్యంతరంగా వెళ్లండి, ఎవరైనా రావచ్చు, కులం మతం అడగరు. నిజామాబాద్ వాళ్లకి అది పక్క ఊరు కిందే లెక్క, 1956 దాకా మనతో పాటు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. సిక్కుల పదో గురువు గురు గోబింద్ సింగ్ 1708లో కన్నుమూసింది అక్కడే. తన తర్వాత మనిషి గురువు ఉండడు, గ్రంథమే గురువు అని చెప్పిందీ అక్కడే. పైన కూకట్‌పల్లి అమ్మగారు రోజూ చదువుతున్న హుకంకి అంత విలువ వచ్చింది ఆ మాట వల్లే. కొబ్బరికాయ, పూలు అవసరం లేదు. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, తల కప్పుకుని వెళ్లండి. కడా ప్రసాద్‌ని (అక్కడ పెట్టే హల్వా) రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకోండి, నెయ్యి కారుతుంది, పట్టుచీర అయితే జాగ్రత్త. లంగర్‌లో (అందరికీ ఉచితంగా భోజనం పెట్టే చోట) కింద కూర్చునే భోంచేయాలి, మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులుంటే అక్కడ సేవ చేసే సేవాదార్‌కి ముందే చెప్పండి. మీవారికి రుమాలు మర్చిపోయినా ఫర్వాలేదు, మామూలుగా గురుద్వారాల్లో గుమ్మం దగ్గర ఒక బుట్టలో పెట్టి ఉంచుతారు.