కదులుతున్న సైకిల్ పడిపోకుండా ఎలా నిలబడుతుంది?

కదులుతున్న సైకిల్ ఎటు ఒరిగితే ముందు చక్రం కూడా అటే తిరిగి, చక్రాలను మళ్లీ బరువు కిందికి చేరుస్తుంది కాబట్టి అది పడిపోదు. అరచేతిలో కర్రను నిలబెట్టేవారు అది వాలిన వైపుకే చేతిని జరుపుతారు. సైకిల్ మాత్రం ఉన్నచోట పక్కకు జరగలేదు, ముందుకు సాగుతూ వంపు తిరిగితేనే దాని చక్రాలు పక్కకు చేరతాయి, అందుకే దానికి వేగం అవసరం. వేగం తగ్గేకొద్దీ అదే సవరణకు హ్యాండిల్‌ను మరింత తిప్పవలసి వస్తుంది.

ఈ పనిలో తొక్కేవారి చేతులకు సైకిల్ నిర్మాణం కూడా తోడవుతుంది. ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే ఫోర్కు ఏటవాలుగా ఉండడం వల్ల, హ్యాండిల్ తిరిగే అక్షాన్ని నేల వరకు పొడిగిస్తే, చక్రం నేలను తాకే చోటు దానికి కొద్దిగా వెనక ఉంటుంది; అందువల్ల సైకిల్ ఎడమకు ఒరిగితే చక్రం తనంతట తానే ఎడమకు తిరగజూస్తుంది.

తడిసిన చక్రాలతో పొడి సిమెంటు రోడ్డు మీద నెమ్మదిగా తొక్కితే, తిన్నగా వెళ్లామనుకున్న చోట కూడా ముందు చక్రపు గీత పాములా మెలికలు తిరుగుతూ వెనక చక్రపు గీతను పదే పదే దాటుతుంది. ప్రతి మెలికా ఒక సవరణే. హ్యాండిల్‌ను కదలకుండా బిగిస్తే ఎంత నేర్పరి అయినా ఎక్కువ దూరం తొక్కలేరు.

తిరిగే చక్రాల గైరోస్కోప్ ప్రభావమే, అంటే వేగంగా తిరిగే వస్తువు తన అక్షం దిశను నిలుపుకోజూసే గుణమే, సైకిల్‌ను నిలబెడుతుందని చాలామంది నమ్ముతారు. ఆ ప్రభావం కొంత తోడ్పడే మాట నిజమే కానీ, 1970లో బ్రిటిష్ శాస్త్రవేత్త డేవిడ్ జోన్స్ ముందు చక్రం పక్కనే ఎదురు దిశలో తిరిగే మరో చక్రాన్ని అమర్చి దాన్ని దాదాపు రద్దు చేసినా, ఆ సైకిల్‌ను సులువుగానే తొక్కగలిగారు.